వేపచెట్టులో ఇరుక్కున్న నా రంపం

నిన్న మధ్యాహ్నం మా పెరట్లో వేపచెట్టు పడింది. పడగొట్టింది నేను కాదు, చెట్లు కొట్టే మేస్త్రి. నేను చేసిందల్లా వీధి వీధంతా వచ్చి చూసేంత తమాషా.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గుంటూరులోనూ గాలివాన చెలరేగిపోయింది. అప్పుడే మా వేప పక్కనున్న ఖాళీ స్థలం వైపు ఒరిగింది. మొన్నటి వానకు చెట్టు మొదట్లో మట్టి నెర్రె విచ్చింది. ఇక ఆగితే ప్రమాదమనిపించింది.

వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) అని 2002 నుంచీ ఒకటుంది. సొంత పెరడే కదా అని చెట్టు కొట్టేస్తే కుదరదు, అనుమతి తీసుకోవాలి. దాని కోసం ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. మొదటిసారి చెట్టు ఫొటో అడిగారు, రెండోసారి చెట్టూ నేనూ కలిసి ఉన్న ఫొటో అడిగారు. మూడోసారి సంతకం పెట్టే ఆయన భోజనానికి వెళ్లారు. మూడున్నరకి వచ్చారు. లైన్‌మన్ మాత్రం ఒక్క ఫోన్‌కే ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపే అనుమతి) తీసుకుని కరెంటు ఆపించాడు. అమ్మ చెట్టు మొదట్లో పసుపూ కుంకుమా వేసి, ‘మంచి చెట్టురా’ అని లోపలికి వెళ్లిపోయింది.

ఇక మిషన్ సంగతి. మేస్త్రిని పిలిస్తే నాలుగున్నర వేలు అన్నాడని పౌరుషానికి పోయి ఆరు వేల ఎనిమిది వందలు పోసి చైన్ రంపం కొన్నాను. ఈ లెక్క మా ఆవిడ ఇప్పటికి పదిసార్లు చెప్పింది. షాపువాడు స్టార్ట్ చేయడం, లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలపడం, చైన్‌కు వేరే ఆయిల్ పోయడం చూపించాడు. కోయడం మాత్రం చూపించలేదు. ‘వీడియోల్లో ఉంటుంది సార్’ అన్నాడు.

చెట్టు అడ్డంగా అడుగున్నర మందం. ఒరిగిన వైపే ముందు గాటు పెట్టాలని వీడియోలో చూశాను. ఎంత లోతు పెట్టాలో చూడలేదు. మెత్తగా దిగుతోంది కదా అని దింపుతూనే పోయాను. సగానికి వచ్చేసరికి కిర్రుమని చిన్న చప్పుడు, చైన్ ఆగిపోయింది, ఇంజను ఆగిపోయింది. లాగితే రాదు, ఊపితే కదలదు. చెట్టు నా రంపాన్ని దవడల మధ్య కరిచి పట్టుకుంది. పక్కింటి మాస్టారు గోడ మీద నుంచి, ‘ఏం నాయనా, మధ్యలో ఆపేశావేం?’ అన్నారు. ఆయన చేతిలో ఫోను. అప్పటికే రికార్డవుతోంది.

చివరికి ఆ నాలుగున్నర వేల మేస్త్రికే ఫోన్ చేశాను. వచ్చి గాటు చూసి నవ్వలేదు. అదే ఇంకా సిగ్గుగా అనిపించింది. ‘చెట్టు ఒరిగిన పక్కన సగం దాకా కోస్తే బరువంతా మీ బ్లేడు మీద కూర్చోదా సార్? నాలుగో వంతు కోస్తే చాలు’ అన్నాడు.

ముందు రెండు నట్లు విప్పి ఇంజను ఊడదీశాడు. బారూ (చైన్ తిరిగే పొడవాటి ఇనప పట్టీ) చైనూ చెట్టులోనే మిగిలాయి, నాలుక బయటపెట్టి నన్ను వెక్కిరిస్తున్నట్టు. కుర్రాణ్ణి పైకెక్కించి ఒరిగిన వైపు కొమ్మలు నరికించాడు. బరువు తగ్గింది. గాటులో ఇనప చీల పెట్టి సమ్మెటతో నాలుగు దెబ్బలు వేస్తే సందు వెంట్రుకవాసి తెరుచుకుంది. బారు జారి వచ్చింది.

తర్వాత తన మిషన్‌తో పైనుంచి ఏటవాలుగా కోసి పుచ్చకాయ ముక్కలా చెక్క తీశాడు. బాగా ఒరిగిన చెట్టు వెనక నుంచి కోస్తుంటే నిలువునా చీలి మొహం మీదకు లేస్తుందట. అందుకని మానుకు ఇనప గొలుసు బిగించాడు. వెనక గాటు ముందు గాటుకు రెండంగుళాల ఎత్తున పెట్టాడు. పూర్తిగా తెగనివ్వకుండా మధ్యలో రెండు వేళ్ల మందం చెక్క వదిలాడు. తలుపుకు మడతబందులాగా అదే చెట్టును తిన్నగా పడేట్టు పట్టుకుంటుందట. చిటపటమనగానే మిషన్ ఆపి వెనక్కి ఏటవాలుగా పక్కకు నడిచాడు. పరుగెత్తలేదు. చెట్టు అనుకున్న చోటే పడింది.

ఇంత తెలిసిన మనిషి కాళ్లకు హవాయి చెప్పులు! లుంగీ కూడా. ఆ విషయంలో నేనే నయం, బూట్లు, జీన్సు, హెల్మెట్ వేసుకున్నాను. మీరూ వేసుకోండి. బారు ముక్కు పైభాగం దేనికీ తగలనివ్వకండి, తగిలితే మిషన్ ఎగిరి మీ మీదకే వస్తుంది. భుజం కంటే ఎత్తులో కోయకండి. షాపువాడి మాట నమ్మకండి.

కలప అడితి వాళ్లు తీసుకెళ్లారు. నా బారు కొంచెం వంగింది, వారంటీలోకి రాదట. సాయంత్రం మాస్టారు వచ్చి, వాళ్ల తురాయి చెట్టు కొమ్మలు కొట్టడానికి మిషన్ ఇస్తావా అన్నారు. మేస్త్రి నంబరు ఇచ్చాను.