పాత కత్తి కొనేటప్పుడు ముందు చూడాల్సింది పదును కాదు

నాకు పాత ఆయుధాలు, పురాతన వస్తువులు సేకరించే పిచ్చి ఉందని తెలిసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది ‘ఇంకా పదునుందా?’ అని. ఆ వెంటనే ‘శుభ్రంగా తోమితే తళతళలాడుతుంది కదా, ఎందుకలా వదిలేశావ్?’ అంటారు. మొదటిదానికి నవ్వి ఊరుకుంటాను, రెండోది వింటే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఈ హాబీలో తెలుసుకోవాల్సిందంతా ఎవరూ చూపించని వైపునే ఉంటుంది, తోమడం మొదలుపెడితే ముందు పోయేది కూడా అదే.

జపాన్ కత్తి కటానానే తీసుకోండి. పిడికి అడ్డంగా చిన్న వెదురు మేకు ఉంటుంది, దాన్ని తీస్తే పిడి మొత్తం ఊడి వస్తుంది. లోపల దాగి ఉన్న ఇనుము ముదురు గోధుమ రంగులోనో నల్లగానో తుప్పు పట్టి ఉంటుంది, చాలాసార్లు కమ్మరి తన సంతకం చెక్కేది కూడా అక్కడే. అలుగును, అంటే పిడి బయట కనబడే పదునైన భాగాన్ని, ఎన్నిసార్లయినా సానపట్టిస్తారు గానీ ఈ భాగాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. కత్తి వయసు అంచనా వేసేవాళ్ళు ఆ తుప్పు రంగు, నునుపు, ఆకురాయి గీతల వాలు, ఉలి దెబ్బల లోతు చూస్తారు. అక్షరాల గీతల్లోపల తుప్పు చుట్టూ ఉన్నదానికంటే కొత్తగా కనబడిందంటే ఎవరో పేరున్న కమ్మరి సంతకం తర్వాత చెక్కారేమోనని అనుమానించాల్సిందే. అలాంటి దొంగ సంతకాన్ని గిమెయ్ అంటారు, అంటే ఆ మోసం ఎంత పాతదో చూడండి. సంతకం లేకపోతే కత్తి మంచిది కాదనీ అనుకోకూడదు, పూర్వం పొడవాటి కత్తుల్ని పొట్టిగా చేసుకునేటప్పుడు పిడి వైపు నుంచే కోసేవాళ్ళు కాబట్టి సంతకం కూడా దాంతోపాటే పోయేది.

నా దగ్గరున్న తల్వార్‌దీ ఇలాంటి కథే. తల్వార్లలో అలుగు కొసను పిడిలోకి దూర్చి లక్కలాంటి బంకతో బిగిస్తారు. దాన్ని వేడి చేస్తే పిడి ఊడుతుంది, ఇంకో అలుగు పెట్టుకోవచ్చు, వాడిన కాలంలోనే అలా మార్చుకునేవాళ్ళు. నాదాన్లో పిడి ఒక కాలానిది, అలుగు ఇంకో కాలానిది. నాకైతే అది లోపం అనిపించదు, పనిచేసిన కత్తి అంటే అదే మరి. అమ్మేవాడు మాత్రం ఆ సంగతి దాచకూడదు.

నకిలీలు మన కాలంలో పుట్టినవేమీ కావు. యూరప్‌లో 9 నుంచి 11వ శతాబ్దం దాకా అలుగు మీద ఉల్ఫ్‌బెర్ట్ అని పొదిగిన కత్తులకు మహా గిరాకీ ఉండేది. ఇప్పటిదాకా దొరికినవి సుమారు 170. వాటిలో కొన్నిటి మీద అక్షరాలు తారుమారుగా ఉన్నాయి, వాటిలో నాసిరకం ఇనుమూ కనబడింది. అంటే ఆ రోజుల్లోనే డూప్లికేట్ బ్రాండ్ అన్నమాట!

పెద్ద మ్యూజియంలకే బోల్తా తప్పలేదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 1915, 1921 మధ్య ప్రాచీన ఇటలీకి చెందిన ఎట్రుస్కన్ యోధులవంటూ మట్టి విగ్రహాలు కొని దశాబ్దాలపాటు గొప్పగా ప్రదర్శించింది. చివరికి వాటి నల్ల పూతలో మాంగనీస్ బయటపడింది, ప్రాచీనులు ఆ నలుపును అలా తెప్పించేవాళ్ళు కాదు. 1961లో అల్ఫ్రెడో ఫియోరవంతి అనే ఆయన వాటి తయారీలో తన చెయ్యి ఉందని ఒప్పుకున్నాడు. రుజువుగా ఏం చూపించాడో తెలుసా? ఒక విగ్రహానికి లేని బొటనవేలు. అన్నేళ్ళూ దాన్ని తన దగ్గరే దాచుకున్నాడు!

కంచు వస్తువుల విషయంలో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది చిలుము. గట్టిగా, వస్తువులోంచే పుట్టినట్టు అంటుకుని ఉండే ఆకుపచ్చ పొరను అలాగే వదిలేయాలి, అది వస్తువుకు అందమూ సాక్ష్యమూ. అసిటోన్‌లో ముంచిన దూదితో ఓ మూల రుద్దితే పచ్చరంగు దూదికి అంటిందంటే అది చాలావరకు పూసిన రంగే. ఇవి కాక మూడో రకం ఒకటుంది, లేత పచ్చగా, పొడిపొడిగా, గోకితే రాలిపోతుంది. మట్టిలో ఉన్నప్పుడు లోపలికి చేరిన క్లోరైడ్లు గాలిలో తేమ తగిలి లోహాన్ని తినేస్తున్నాయన్నమాట. దాన్ని వేరుగా పెట్టి, సిలికా జెల్‌తో తేమ 40 శాతం లోపు ఉంచి, తెలిసినవాళ్ళకు చూపించాలి. ఇనుముకైతే పల్చగా నూనె, పట్టుకునేటప్పుడు చేతికి గ్లవ్స్ చాలు, చెమటలో ఉప్పు వేలిముద్ర ఆకారంలోనే తుప్పు తెప్పిస్తుంది.

ఇక కాగితాలు. దొంగ తవ్వకాల సరుకు, దేశం దాటించిన సరుకు అరికట్టడానికి 1970లో యునెస్కో ఒప్పందం వచ్చింది, అప్పట్నుంచి పేరున్న మ్యూజియంలు చాలావరకు ఆ ఏడాదికి ముందు వస్తువు ఎక్కడుందో చూపించమంటాయి. ‘స్విట్జర్లాండ్‌లో ఓ పెద్దమనిషి కలెక్షన్’ అని చెప్పి పేరూ, పాత ఫొటో, రసీదు ఏదీ చూపించకపోతే నేను అక్కడితో ఆగిపోతాను, వస్తువు ఎంత ముద్దొచ్చినా సరే. ఎక్కడ, ఏ పొరలో, దేని పక్కన దొరికిందో తెలియని బాణపు ములికి చెప్పగలిగింది చాలా తక్కువ, ఆ సమాచారాన్ని చెరిపేసినవాడికి డబ్బులిచ్చి ప్రోత్సహించడం నాకు ఇష్టం లేదు.

తుపాకులు సేకరించేవాళ్ళకు ఒక్క మాట. ముందు నుంచి మందు కూరే పాత తుపాకుల్లో ఇప్పటికీ మందూ గుండూ అలాగే ఉండిపోయినవి దొరుకుతుంటాయి, పొడిగా ఉంటే ఆ మందుకు ఎన్నేళ్ళయినా పేలే గుణం పోదు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో, అక్కడి అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండును బాగుచేస్తూ ఒక కలెక్టర్ ప్రాణం పోగొట్టుకున్నారు, యుద్ధం ముగిసి 140 ఏళ్ళు దాటాక! అందుకని గొట్టం మీకెదురుగా లేకుండా పక్కన నిలబడి, సన్నటి చెక్క పుల్లను లోపలికి ఆగేదాకా మెల్లగా జార్చి, మూతి దగ్గర గుర్తు పెట్టండి. దాన్ని బయటికి తీసి, గుర్తు మూతికి సరిగ్గా వచ్చేలా గొట్టం పక్కన పెట్టి చూడండి. పుల్ల కొస, గొట్టం వెనక వైపు నిప్పు అంటించే రంధ్రం దాకా రాకుండా కొన్ని అంగుళాల ముందే ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టే. ఇక పొడవద్దు, గీకవద్దు, వేడి అసలే తగలనివ్వద్దు, పోలీసులకు ఫోన్ చేయండి.