14వ రోజు లెక్క నా ఎనిమిది నెలలు తినేసింది

పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టాక మొదటి ఎనిమిది నెలలు నేను చేసిందల్లా పీరియడ్ మొదలైన రోజు నుంచి 14వ రోజు లెక్కపెట్టుకోవడమే, అండం విడుదలయ్యేది ఆ రోజేనని. ఎవరిని అడిగినా అదే చెప్పారు. ఫోన్‌లో యాప్ కూడా అదే రోజు చూపించేది, ఎందుకంటే అందులో మొదట్లో ఉన్న 28 రోజుల లెక్కని నేను మార్చనే లేదు. మేం 12 నుంచి 14 దాకా ప్రయత్నించి, ఇక ఈ నెలకి ఇంతే అనుకుని ఊరుకునేవాళ్లం. కానీ నాకు పీరియడ్ వచ్చేది 34, 35 రోజులకి. అండం విడుదలైన దగ్గర్నుంచి తర్వాతి పీరియడ్ దాకా సుమారు 14 రోజులు పడుతుందని, మనిషిని బట్టి రెండు మూడు రోజులు అటూ ఇటూ అయినా ఆ భాగం పెద్దగా మారదని, సైకిల్ (ఒక పీరియడ్ నుంచి తర్వాతి పీరియడ్ దాకా ఉండే రోజులు) పొడుగ్గా ఉంటే ఆ పొడుగంతా అండం విడుదలకి ముందే ఉంటుందని అప్పటికి నాకు తెలీదు. 34లోంచి 14 తీసేస్తే 20. మేం ఆపేసే రోజుకి అసలు రోజులు ఇంకా మొదలే కాలేదన్నమాట.

ఇంకో సంగతి కూడా ఆలస్యంగానే అర్థమైంది. విడుదలైన అండం బతికేది 12 నుంచి 24 గంటలు మాత్రమే, శుక్రకణాలు మాత్రం పరిస్థితి అనుకూలంగా ఉంటే ఐదు రోజుల దాకా ఉండగలవు. అందుకే గర్భం వచ్చే అవకాశం ఉన్నది అండం విడుదలయ్యే రోజూ, దానికి ముందు ఐదు రోజులూ. ఓవ్యులేషన్, అంటే ఈ అండం విడుదల, అయిపోయిందని తెలుసుకోవడం కన్నా, రాబోతోందని ముందే పసిగట్టడం మనకి ముఖ్యం.

అలా ముందే చెప్పేది డిశ్చార్జ్. దీని గురించి మనలో మనం కూడా సరిగ్గా మాట్లాడుకోం, తెల్లబట్ట అనగానే ఏదో జబ్బు అనుకుంటాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే కంగారుపడ్డాను. పీరియడ్ అయిపోయాక కొన్ని రోజులు పొడిగా ఉంటుంది, తర్వాత కాస్త జిగురుగా, ఆ తర్వాత క్రీములా తెల్లగా వస్తుంది, అండం విడుదల దగ్గరపడే కొద్దీ పచ్చి గుడ్డులోని తెల్లసొనలా పారదర్శకంగా, జారుడుగా మారి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగితే తెగకుండా సాగుతుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరగడం వల్ల గర్భాశయ ముఖద్వారం దగ్గర ఇలా తయారవుతుంది, శుక్రకణాలు బతికేదీ, పైకి ఈదేదీ ఇందులోనే. బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు టిష్యూతో తుడిచి చూసుకుంటే చాలు. అండం విడుదలయ్యాక ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చిక్కబడిపోతుంది. దురద, దుర్వాసన, పచ్చటి రంగు ఉంటే మాత్రం అది వేరే విషయం, డాక్టర్‌కి చూపించుకోవాలి.

తెల్లసొనలా కనిపించడానికి కాస్త ముందే ఓవ్యులేషన్ కిట్‌తో టెస్ట్ చేయడం మొదలుపెట్టేదాన్ని. మూత్రంలో ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరగడాన్ని ఆ కిట్ పట్టుకుంటుంది, పెరిగాక సుమారు 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. మామూలు స్ట్రిప్పుల్లో రెండో గీత కనిపిస్తే చాలదు, కంట్రోల్ గీత (టెస్ట్ సరిగ్గా పనిచేసిందని చూపించే గీత) అంత ముదురుగా గానీ అంతకన్నా ముదురుగా గానీ ఉండాలి. ఈ తేడా తెలియక నేను లేత గీతలకి కూడా సంబరపడిపోయాను. టెస్ట్‌కి ముందు బాగా నీళ్లు తాగేస్తే గీత పలచబడుతుంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లలో కొందరికి ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది కాబట్టి కిట్ ఊరికే పాజిటివ్ చూపించొచ్చు, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

టెంపరేచర్ సంగతి వేరు. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ వల్ల ఒంటి వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెరిగి, పీరియడ్ వచ్చేదాకా అలాగే ఉంటుంది. పొద్దున్నే మెలకువ రాగానే, మంచం దిగకముందే, రోజూ ఒకే టైముకి, రెండు దశాంశాలు చూపించే థర్మామీటర్‌తో చూడాలి. జ్వరమొచ్చినా, సరిగ్గా నిద్రపోకపోయినా లెక్క తప్పుతుంది. పైగా అది చెప్పేది అయిపోయిన సంగతి, కాబట్టి ఆ నెలకి ఉపయోగం తక్కువ. కానీ రెండు మూడు నెలలు రాసుకుంటే మీ ఒంటి పద్ధతి తెలుస్తుంది. రోజూ కళ్లు తెరవగానే థర్మామీటర్ చూసి టెన్షన్ పడుతుంటే మాత్రం మానేయండి, నేను మూడో నెలలో మానేశాను.

పొత్తికడుపులో ఒక పక్క సన్నని నొప్పి, రొమ్ముల్లో సలుపు, కోరిక పెరగడం లాంటివి కొందరికే ఉంటాయి. లేకపోతే ఏదో లోపం ఉందనుకోవద్దు. ఇవేవీ గమనించే ఓపిక లేని నెలల్లో పీరియడ్ ఆగినప్పటి నుంచి రెండు మూడు రోజులకోసారి కలిసినా సరిపోతుంది.

35 ఏళ్లలోపు వాళ్లయితే ఏడాది, దాటితే ఆరు నెలలు ప్రయత్నించాక డాక్టర్‌ని కలవాలి. పీరియడ్స్ సరిగ్గా రాకపోతే అంతవరకూ కూడా ఆగక్కర్లేదు. వెళ్తే ఇద్దరూ వెళ్లండి, ఆయనకి చేసే వీర్య పరీక్ష చాలా సులువు, అది వదిలేసి ఆడవాళ్లకే వరసగా టెస్టులు చేయించడం నాకు అస్సలు నచ్చదు. మేమూ ఇద్దరం కలిసే వెళ్లాం. తర్వాతి నెల నా 19వ రోజున స్కాన్ చేసి, ఫాలికల్ (అండం పెరిగే చిన్న సంచి) 20 మిల్లీమీటర్లు ఉంది, విడుదలకి దగ్గరలో ఉంది అన్నారు. ఆ పొద్దున నా నోట్‌బుక్‌లో ‘తెల్లసొన, రెండో రోజు’ అని రాసుకునే బయల్దేరాను.