పుస్తకం మూసిన తరువాత

మన పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా వ్రాయమని నిర్వాహక సంఘం వారు కోరినప్పుడు, హాస్టలు మెట్ల గురించీ, వీడ్కోలు సభలో ఆగిపోయిన పాట గురించీ మీలో చాలామంది నాకంటె బాగా వ్రాయగలరనిపించింది. అందుకే నేను మన ఫిజిక్సు మాస్టారి తెల్లకాగితానికే పరిమితమవుతున్నాను.

పాఠం ముగియగానే ఆయన పుస్తకాలు మూయించి, విన్నదంతా మన మాటల్లో వ్రాయమనేవారు. మార్కులు వేసేవారు కాదు. వారం తిరిగాక, ఆ అధ్యాయం దాటిపోయామని మనం నిశ్చింతగా ఉన్న వేళ, అదే అంశం మీద మళ్ళీ తెల్లకాగితం ఇచ్చేవారు. ఎంట్రోపీ (ఒక వ్యవస్థలోని అస్తవ్యస్తతకు కొలత) గురించి మూడవ బెంచీ నుంచి వచ్చిన జవాబు మీరెవరూ మరచి ఉండరు. మాస్టారు దానిని బోర్డు మీద యథాతథంగా వ్రాసి, అందులో సగం సరైనదేనని ఓపికగా నిరూపించారు. మనం వివరణలో ఒక మెట్టు దాటవేసిన చోట ఎర్రసిరాతో కొట్టివేయకుండా, పక్కన సన్నని పెన్సిలుతో "ఇక్కడికి ఎలా వచ్చావు?" అని వ్రాసేవారు. ఆ ప్రశ్న ఉన్న కాగితాలు కొన్ని నా దగ్గర ఇంకా భద్రంగా ఉన్నాయి.



నేనూ అధ్యాపకవృత్తిలో స్థిరపడిన తరువాత, రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాలను చదివి ఎంతో సంతోషించాను. ఒక గద్యభాగాన్ని పదేపదే చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత మాత్రం వారికి గుర్తున్నది దాదాపు 40 శాతమే కాగా, ఒక్కసారి చదివి, ఆపైన చూడకుండా వ్రాస్తూ వచ్చినవారికి 61 శాతం గుర్తుంది. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువగా నమ్మినది పదేపదే చదివినవారే కావడం నన్ను మరింత ఆలోచింపజేసింది. కళ్ళకు అలవాటైన పేజీని చదువుతున్నప్పుడు అంతా వచ్చినట్లే ఉంటుంది; రానిదేదో పుస్తకం మూస్తేగాని బయటపడదు. మనస్తత్వ శాస్త్రవేత్త డన్‌లోస్కీ బృందం 2013లో పది అధ్యయన పద్ధతులను సమీక్షించి, స్వయంపరీక్షకూ, ఒకేసారి కాక మధ్యమధ్య ఎడమిచ్చి చదవడానికీ అగ్రస్థానమిచ్చింది. మనమంతా పుస్తకంలోని వాక్యాల మీద ఇష్టంగా గీసిన రంగు గీతలకు తక్కువ ప్రయోజనమేనని తేల్చింది. మాస్టారు ఆ రెండు పద్ధతులనూ ఒక్క కాగితంలో ఇమిడ్చారు.

ప్రస్తుతం నేను బాధ్యత వహిస్తున్న విభాగంలో, నా ప్రతిపాదన మేరకు, మొదటి సంవత్సరం తరగతులన్నింటిలోనూ ఈ పద్ధతి అమలవుతోంది. తక్కువ మార్కులతో చేరి, ఉన్నత పరిశోధనకు వెళ్ళిన విద్యార్థులు మా దగ్గర ఉన్నారని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంది. మార్కులు లేని కాగితం దేనికని మొదటి వారంలో అందరూ అడుగుతారు. నెల తిరిగేసరికి నేను మరచిపోయినా వాళ్ళే కాగితాలు తీస్తారు.