పెరట్లో గజేంద్ర కంద: విత్తనం నుంచి కూర దాకా

మే నెలాఖరు

రాజమహేంద్రవరంలో మా పెరట్లో అరటి చెట్ల పక్కన కొంత నేల ఖాళీగా ఉంది. ఈ ఏడు అక్కడ కంద వేస్తున్నాను. విత్తన దుంపలు గోదావరి అవతల, కొవ్వూరు వైపు ఒక రైతు దగ్గర తెచ్చుకున్నాను. రకం గజేంద్ర. ఇది కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన రకమే. దురద తక్కువ, దుంప చుట్టూ పిల్ల దుంపలు పెద్దగా రావు కాబట్టి చెక్కు తీయడం తేలిక. ఇంటి వాడకానికి వేసేవారు రకం పేరు అడిగి మరీ తీసుకోవాలి. దురద కందతో ఒకసారి గొంతు పట్టినవారు మళ్లీ దాని జోలికి రారు, అంత మంచి కూరకు దూరమైపోతారు.

దుంపను పైనుంచి కిందికి, అర కిలో ముక్కలుగా కోశాను. నడినెత్తిన ఉండే మొగ్గలో కొంత భాగం ప్రతి ముక్కకూ రావాలి. పేడనీళ్లలో ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అడ్డుకునే మేలు చేసే శిలీంధ్రం) కలిపి ముక్కలు ముంచి, నీడలో ఆరబెట్టాను. కోసిన వైపు బాగా ఆరాకే నాటాలి, పచ్చిగా పెడితే కుళ్లు పడుతుంది.

జూన్

గుంటలు మూరెడు లోతు, గుంటకూ గుంటకూ మధ్య 90 సెంటీమీటర్లు. పైమట్టిలో రెండేసి కిలోల చివికిన పశువుల ఎరువు, గుప్పెడు బూడిద కలిపి నింపాను. మొగ్గ పైకి ఉండేలా ముక్కను పెట్టి మట్టి కప్పి, పైన ఎండు అరటాకులు పరిచాను. తేమ నిలుస్తుంది, కలుపూ తగ్గుతుంది.

ఆగస్టు

అన్నీ మొలిచాయి. మచ్చల కాడ ఒకటే నిటారుగా లేచి, కొసన గొడుగులా విచ్చుకుంటుంది. చూడటానికి కొమ్మలున్న చిన్న చెట్టులా ఉన్నా, అదంతా కలిపి ఒకే ఆకు. ఆ ఒక్క ఆకే దుంపను పోషించాలి. అందుకే పక్కన పని చేసేటప్పుడు కాడకు దెబ్బ తగలకుండా చూసుకుంటున్నాను.

సెప్టెంబరు

మొదళ్లకు మట్టి ఎగదోశాను. కందకు ఇది తప్పనిసరి పని. మనం పెట్టిన ముక్క క్రమంగా ఎండి వడలిపోతుంది, కొత్త దుంప దాని నెత్తి మీద ఊరుతుంది. పైన మట్టి లేకపోతే దుంపకు పెరిగే చోటుండదు.

వానలకు నీరు నిలవకుండా కాలువ తీశాను. నీరు నిలిస్తే మొదలుకుళ్లు వస్తుంది. నేలను ఆనుకున్న చోట కాడ మెత్తబడి మొక్క పడిపోతుంది. తల్లి ముక్కలకు పట్టించిన ట్రైకోడెర్మానే పశువుల ఎరువులో కలిపి మొదళ్ల దగ్గర మరోసారి వేశాను.

ఫిబ్రవరి

ఆకులు పసుపెక్కి వాలిపోగానే నీళ్లు ఆపేశాను. పలుగు దుంపకు తగలకుండా ఎడంగా వేసి తవ్వితే, అర కిలో ముక్కకు రెండు కిలోల పైచిలుకు దుంప వచ్చింది. నాకు తృప్తిగా ఉంది. వేళ్లు తీసి, కడగకుండా నీడలో గాలి ఆడేచోట పరిచాను. దెబ్బ తగలని దుంప నెలల తరబడి నిల్వ ఉంటుంది. దెబ్బతిన్నవి ముందుగా వండేస్తున్నాను.

వంట సంగతి

దురదకు కారణం కందలో ఉండే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. తరిగేటప్పుడు చేతులు పొడిగా ఉండాలి, నూనె రాసుకుంటే ఇంకా మంచిది. చెక్కు మందంగా తీసేయాలి. ముక్కలను పసుపు, చింతపండు రసం వేసి మెత్తగా ఉడికించాలి.

మా ఇంట్లో మొదటి దుంప కంద బచ్చలికే. ఉడికిన కంద, బచ్చలి ఆకు, లేత కాడలు కలిపి, చింతపండు పులుసు దగ్గరపడేదాకా ఉంచాలి. ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టి, దించాక మాత్రమే నూరిన ఆవముద్ద కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవ ఘాటు పోయి చేదెక్కుతుంది. ఇక వేపుడుకు ముక్కలు సగం ఉడికితే చాలు అనేవారితో నేను ఏకీభవించను. పూర్తిగా ఉడికించి, నీరు వార్చి, ఆ తర్వాతే నూనెలో వేయాలి.

ఆయుర్వేదంలో దీన్ని సూరణం అంటారు. మొలల బాధకు వాడే ద్రవ్యాల్లో దీనికి పెద్ద పేరుంది. సూరణ వటకమనే మందు దీనితోనే చేస్తారు. పీచు ఎక్కువ కనుక మలబద్ధకం ఉన్నవారికి కూరగా తిన్నా మేలే. అలాగని రక్తం పడుతుంటే కంద తింటూ కూర్చోకూడదు, వైద్యుడికి చూపించుకోవాలి. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లున్నవారు దీనికి దూరంగా ఉండటం మంచిది.

వచ్చే ఏటి విత్తనానికి గుండ్రంగా, మచ్చ లేకుండా ఉన్న దుంపలను పక్కన పెట్టాను. వాటిలో అన్నిటికంటే పెద్దదాన్ని కోయకుండా నాటి, కంద పువ్వు చూడాలని ఉంది. అది కుళ్లిన మాంసం వాసనతో పురుగులను రప్పించుకుంటుంది కాబట్టి ప్రహరీ మూల, కిటికీలకు దూరంగా చోటు చూశాను.