మీటింగ్ ఏడున్నరకా, ఎనిమిదిన్నరకా?

మొన్న కార్తీక సోమవారం, నవంబర్ 3న, సాయంత్రం అమ్మావాళ్ళు పాలకొల్లు క్షీరారామానికి బయల్దేరుతూ నన్నూ రమ్మన్నారు, నాకేమో ఏడున్నరకి మీటింగు, మీరెళ్ళండని చెప్పి ఇంట్లో ఉండిపోయా. టైమ్‌కి హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్నా, ఎవరూ రారే. స్క్రీన్ మీద నా మొహం నేనే చూసుకుంటూ ముప్పావుగంట గడిపేశా. ఎనిమిదింబావుకి వాకిట్లో ఆటో ఆగింది, అమ్మ ప్రసాదం పట్టుకుని లోపలికొచ్చి "ఏరా, అయిపోయిందా?" అంది. ఇంకా మొదలే కాలేదు.

జరిగిందేంటంటే ముందురోజు ఆదివారం అమెరికావాళ్ళు వేసవికని ముందుకి జరిపిన గడియారాలు గంట వెనక్కి తిప్పేసుకున్నారు. మా క్లయింట్ టీం డాలస్‌లో ఉంటారు, వాళ్ళ పొద్దున్న 9 మనకి వేసవిలో రాత్రి 7:30, నవంబర్ మొదటి ఆదివారం నుంచి 8:30. క్యాలెండర్ మాత్రం శుభ్రంగా 8:30 అనే చూపిస్తోంది, నేనే దాన్ని చూడకుండా ఫోన్లో ఎప్పుడో పెట్టుకున్న ఏడుంబావు అలారాన్ని నమ్ముకున్నా. అందరికీ చెప్పేదొకటే, మీటింగులకి చేత్తో అలారాలు పెట్టకండి బాబూ, రిమైండర్ క్యాలెండర్ నుంచే రానివ్వండి.

అసలు నా మొదటి బోల్తా ఇంతకంటే ఘోరం. ఉద్యోగంలో చేరిన కొత్తలో లాప్‌టాప్ అమెరికా నుంచి కొరియర్‌లో వచ్చింది, తెరిస్తే సాయంత్రం పూట పొద్దున్న టైమ్ చూపిస్తోంది. ఇదేముందిలే అని ఆటోమేటిక్ ఆపేసి ముళ్ళు తిప్పినట్టు టైమ్‌ని చేత్తో మార్చేశా. గడియారం చూడ్డానికి బానే ఉంది. టైమ్ జోన్, అంటే ఏ ప్రాంతపు టైమన్నది మాత్రం, డాలస్ వాళ్ళుండే అమెరికా సెంట్రల్‌లోనే ఉండిపోయింది, దాంతో క్యాలెండర్‌లో మీటింగ్ పొద్దున్న 9 అని కనపడింది. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో తొమ్మిదికల్లా సిద్ధంగా కూర్చుంటే ఒక్కరూ రాలేదు. రాత్రి ఏడున్నరకి బాబాయ్ గారి రొయ్యల చెరువు గట్టు మీద ఉండగా మేనేజర్ ఫోను, ఎక్కడున్నావయ్యా అని.

అప్పుడర్థమైంది, మీటింగ్ అనేది ముహూర్తం లాంటిదండి. ఘడియ ఒకటే, ఊరిని బట్టి గడియారంలో అంకె మారుద్ది. కంప్యూటర్ లోపల యూటీసీ అని ప్రపంచమంతటికీ ఒకే లెక్క నడుస్తుంది, మనం చెప్పాల్సింది ఏ ఊళ్ళో ఉన్నామన్నది మాత్రమే. నేనేమో ఊరు మార్చకుండా అంకె మార్చా. విండోస్‌లో కింద మూల టైమ్ మీద రైట్ క్లిక్ కొట్టి డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, టైమ్‌ని ఆటోమేటిక్‌లో వదిలేసి, జోన్ ఒక్కటి మారిస్తే చాలు. ఇంకోటి, గూగుల్ క్యాలెండర్‌కి తన సొంత జోన్ సెట్టింగ్ ఉంటుంది, జూమ్‌కి వెబ్‌సైట్ ప్రొఫైల్‌లో వేరే ఉంటుంది, లాప్‌టాప్‌లో మార్చాం కదా అని వీటిని వదిలేస్తే మళ్ళీ చొక్కా లుంగీ కథే.

ఆ లిస్టులో మన ఊరు వెతకడం ఒక సరదా. హైదరాబాద్ కొట్టా, లేదు. విజయవాడ, లేదు. విండోస్‌లో చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని నలుగురి పేర్లు, గూగుల్‌లో అయితే ఒక్క కోల్‌కతా. నాకు మండేదేంటంటే యూటీసీకి ఐదున్నర గంటలు ముందుండే మన లెక్క 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, ఆ గీత మన కాకినాడ పక్కనుంచే పోతుంది! మా డెల్టాలో ఎండకీ గడియారానికీ సగటున రెండు మూడు నిమిషాలే తేడా, మామ్మ వాకిట్లో నీడ చూసి టైమ్ చెప్పేదంటే ఊరికే కాదు. కోల్‌కతా అయితే 1906లో ఈ టైమ్ వచ్చాక కూడా 1948 దాకా సొంత టైమే నడుపుకుంది. టైమ్ మనది, పేరు వాళ్ళది, ఆయ్.

ఇక ఇన్విటేషన్‌లో మన ఇండియా టైమ్‌కి ఉత్తినే ఐఎస్‌టీ అని రాయకండి, ఇజ్రాయెల్ వాళ్ళదీ ఐఎస్‌టీనే, ఐర్లండ్ వాళ్ళ వేసవి టైమూ ఐఎస్‌టీనే.

మొన్నటి గొడవలో రెండో సగం మంగళవారం బయటపడింది. నేను పెట్టిన వారం వారం మీటింగ్ ఒకటుంది, మన సాయంత్రం 6:30కి. రిపీట్ అయ్యే మీటింగ్ ఎవరి జోన్‌లో పెడితే ఆ గడియారానికే కట్టుబడి ఉంటుంది, కాబట్టి నాకు 6:30 కదల్లేదు, డాలస్ ఆవిడకి పొద్దున్న 8 కాస్తా 7 అయిపోయింది. పాపం కెమెరా ఆపుకుని వచ్చింది, వెనకాల పిల్లాడి ఏడుపు. నా వెనకాల ఎటూ చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోత, అక్కడ వానా అని ఎప్పుడూ అడిగేది, ఆ రోజు ఏమీ అడగలేదు.

సరే అని ఇన్విటేషన్ తెరిచి, టైమ్ పక్కనున్న టైమ్ జోన్ నొక్కి, సెంట్రల్ టైమ్‌కి మార్చి పొద్దున్న 8 అని పెట్టేశా, మొత్తం సిరీస్‌కి. ఇప్పుడు చలికాలమంతా నాకే 7:30. ఎవరో ఒకరికి గంట జరగాల్సిందే, ఎవరికన్నది మాత్రం మీటింగ్ పెట్టినవాడి చేతిలో ఉంటుంది. నాకు పిల్లల్లేరు, బస్సుకి పంపే పనిలేదు. అమ్మకి మాత్రం కోపమే, భోజనాల వేళ జరిగిందని. అవుట్‌లుక్‌లో ఆప్షన్స్, క్యాలెండర్‌లోకి వెళ్ళి రెండో టైమ్ జోన్ ఆన్ చేసి దానికి 'డాలస్' అని పేరు పెట్టా, ఇప్పుడు రెండు గడియారాలూ పక్కపక్కనే కనపడతాయి. గూగుల్‌లోనూ ఉంది ఈ సదుపాయం, ముందే చేసుంటే దీపం పెట్టుకునొచ్చేవాణ్ణి.

మళ్ళీ మార్చిలో ఇంకో తిరకాసు. అమెరికా 8న గంట ముందుకి జరుగుతుంది, లండన్ 29 దాకా జరగదు, ఆ మూడు వారాలూ మా టీంలో ముగ్గురికి మూడు లెక్కలు. కొత్త తెలుగు క్యాలెండర్ వచ్చింది కదా అని వంటింట్లో పాలవాడి లెక్కల పక్కనే మార్చి 8 చుట్టూ సున్నా చుట్టా. అమ్మ చూసి "ఆదివారం కదరా, ఆరోజు ఏం పండగ?" అంది.

అమెరికా వాళ్ళ సంక్రాంతమ్మా అన్నా.