గెదల్యా కోసం ఒక పగలు

ఇజ్రాయెల్‌లో అందరికీ తెలిసిన ఉపవాసం యోమ్ కిప్పూర్, యూదుల ప్రాయశ్చిత్త దినం. ఆ రోజు రోడ్ల మీద కార్లు తిరగవు, పెద్ద రహదారుల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. సరిగ్గా వారం ముందు మరో ఉపవాసం వస్తుంది. ఆ రోజు బస్సులు నడుస్తాయి, దుకాణాలు తెరిచే ఉంటాయి. ఉపవాసం ఉన్నవాళ్లెవరో, లేనివాళ్లెవరో చూసి చెప్పలేము. దాని పేరు గెదల్యా ఉపవాసం, హత్యకు గురైన ఒక పాత కాలపు యూదు అధికారి కోసం. యూదుల క్యాలెండర్‌లోని తిష్రి నెల మూడో రోజున, తెల్లవారుజామున మొదలై చుక్కలు పొడిచేవరకు ఉంటుంది. 2025లో సెప్టెంబరు 25న, గురువారం వచ్చింది. మా ఊళ్లో అప్పుడు దసరా పందిళ్లు వేసి ఉన్నాయి. తిష్రి కూడా అమావాస్య దాటాక మొదలయ్యే నెలే కాబట్టి చాలా ఏళ్లు ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి.

నేను ఇజ్రాయెల్‌లోని పెతా తిక్వా అనే ఊళ్లో ఒక పెద్దాయనను చూసుకుంటున్నాను. ఆయనను సబా అంటాను, అంటే తాతగారు. ఆయనకు మధుమేహం. డాక్టరూ వద్దన్నారు, రబ్బీ, అంటే యూదుల మతగురువు కూడా ఉపవాసం ఉండవద్దని గట్టిగా చెప్పారు. ఆరోగ్యం బాగాలేనివారికి ఈ ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది. అందుకని ఆయన మాత్ర వేసుకోవడానికి సరిపడా రొట్టె తింటారు, అంతకుమించి ముట్టరు. ముందు రెండు రోజులు కొత్త సంవత్సరం పండుగ కాబట్టి ఆపిల్ ముక్కలు ముంచుకున్న తేనె గిన్నె ఇంకా బల్ల మీదే ఉంటుంది. దాన్ని తీసి అలమరలో పెట్టమంటారు. తర్వాత బైబిల్లో ప్రవక్త యిర్మీయా గ్రంథం తెరిచి నలభై, నలభై ఒకటో అధ్యాయాలు చదువుకుంటారు.

ఆ గ్రంథం నాకు కొత్త కాదు. కోనసీమలో మా చర్చివాళ్ల ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద యిర్మీయా ఇరవై తొమ్మిది పదకొండు ఉంటుంది, సమాధానకరమైన ఉద్దేశాల వాక్యం. నలభై ఒకటో అధ్యాయం మీద ప్రసంగం మాత్రం నేనెన్నడూ వినలేదు. దాన్ని క్యాలెండర్ మీద ఎవరు వేసుకుంటారు?

క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేమును, దేవాలయాన్ని కాల్చివేసింది. పెద్దవాళ్లను చెరపట్టి తీసుకుపోయింది. మిగిలిన బీదవాళ్ల మీద అహీకాము కుమారుడైన గెదల్యాను అధికారిగా పెట్టింది. యిర్మీయాను చావు నుంచి కాపాడినవాడు ఈ అహీకామే. గెదల్యా మిస్పా అనే ఊళ్లో ఉండి, భయపడకండి, ద్రాక్షారసం, వేసవి పండ్లు, నూనె కూర్చుకోండి అన్నాడు. చెదిరిపోయిన వాళ్లు తిరిగి వచ్చారు. ఆ ఏడు పంట బాగా చేతికి వచ్చింది.

ఏడో నెలలో, అంటే తిష్రిలో, యూదా రాజవంశానికి చెందిన ఇష్మాయేలు పది మందితో మిస్పాకు వచ్చాడు. అతని వెనుక అమ్మోనీయుల రాజు ఉన్నాడు. గెదల్యాతో కలిసి భోజనం చేశారు. భోజనం దగ్గరే లేచి అతన్ని నరికేశారు. మర్నాడు షెకెము, షిలోహు, షోమ్రోనుల నుంచి ఎనభై మంది దుఃఖంతో గడ్డాలు గొరిగించుకుని, బట్టలు చింపుకుని, నైవేద్యాలతో వస్తుంటే ఇష్మాయేలు ఏడుస్తూ ఎదురు వెళ్లి, లోపలికి పిలిచి చంపాడు. పది మంది మాత్రం పొలంలో దాచిన గోధుమలు, యవలు, నూనె, తేనె ఉన్నాయని చెప్పి బతికారు. ఆ ఏడుపు దగ్గరకు వచ్చేసరికి ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. మిగిలినవాళ్లు బబులోనుకు భయపడి, యిర్మీయా వద్దని చెప్పినా వినకుండా ఐగుప్తుకు వెళ్లిపోయారు. ఆయనను కూడా వెంట తీసుకుపోయారు. దేశం ఖాళీ అయింది.

ఇశ్రాయేలులో మిగిలిన నిప్పుకణిక అలా ఆరిపోయిందని పన్నెండో శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ రాశాడు. మా అమ్మమ్మ రాత్రి పొయ్యిలో నిప్పును బూడిద కప్పి దాచి, తెల్లారి దానితోనే మళ్లీ పొయ్యి రాజేసేది. గెదల్యా అలాంటి నిప్పు. దేవాలయాన్ని పగవాడు కాల్చాడు. ఈ నిప్పు మీద మాత్రం ఇంటివాడే నీళ్లు పోశాడు. నీతిమంతుల మరణం దేవుని మందిరం తగలబడటంతో సమానమని యూదు పండితుల చర్చల గ్రంథమైన తల్మూదు ఈ ఉపవాసం గురించే అంటుంది.

మా ఊళ్లో ఉపవాస ప్రార్థన అంటే ఏదో ఒకటి అడగడానికే. వీసా రావాలి, అప్పు తీరాలి, కడుపు పండాలి. నేనూ అలా ఉన్నదాన్నే, అందులో తప్పేమీ లేదు. ఈ ఉపవాసం ఏమీ అడగదు. పూర్వీకులు చేసిన చెడును గుర్తు చేసుకోమంటుంది. అవి మన పనుల్లాంటివే అని మైమోనిడీస్ ఒక ముక్క చేర్చాడు. ఆ ముక్క తీసేస్తే ఇది వట్టి చరిత్ర పాఠం. 1995 నవంబరు 4న టెల్ అవీవ్‌లో ప్రధాని యిత్జాక్ రబిన్‌ను కాల్చి చంపినవాడూ యూదుడే. ఆ రాత్రి తర్వాత ఈ అధ్యాయం చదివేటప్పుడు రబిన్‌ను తలచుకోకుండా ఉండలేనని సబా అంటారు.

మా ఇద్దరికీ పేచీ మరొకచోట. కారేహ కుమారుడైన యోహానాను ముందే హెచ్చరించాడు: ఇష్మాయేలు నిన్ను చంపడానికి వస్తున్నాడు, సెలవిస్తే నేనే రహస్యంగా వాణ్ని చంపుతాను అని. గెదల్యా ఒప్పుకోలేదు. నువ్వు అతని మీద అబద్ధం చెబుతున్నావు అన్నాడు. తల్మూదు ఇక్కడ గెదల్యాను తప్పుపడుతుంది. చాడీని నమ్మకూడదు, కానీ జాగ్రత్త పడాలి. ఆ హెచ్చరికను పెడచెవిన పెట్టాడు కాబట్టి తక్కినవాళ్ల చావు కూడా అతని ఖాతాలోనే రాశారట. సబా తల్మూదు పక్షం. మంచితనం ఒక్కటే ఉంటే సరిపోదు, తలుపుకు గడియ కూడా ఉండాలంటారు.

నేను గెదల్యా పక్షం. చాడీలు ఎంత పని చేస్తాయో ఇక్కడ ఇళ్లలో పనిచేసే మాకు తెలుసు. ఒకరు యజమాని చెవిలో వేసిన మాటతో ఇంకొకరి ఉద్యోగం పోతుంది. రుజువు లేకుండా ఒక మనిషిని రహస్యంగా చంపనివ్వననడం చిన్న సంగతా? ఒప్పుకుని ఉంటే ఉపవాసం అతని కోసం కాక ఇష్మాయేలు కోసం ఉండేదేమో అన్నాను. చంపమని ఎవరన్నారు, కాపలా పెట్టుకోవచ్చుగా అని సబా విసుక్కున్నారు. అది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా ఒప్పుకోలేదు.

సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చిన ఆయన కూతురు మా వాదన కాసేపు విని, చెప్పులు విప్పుతూ అడిగింది: "ఇష్మాయేలుతో వచ్చి అదే పంక్తిలో కూర్చుని తిన్న ఆ పది మంది సంగతేమిటి? వాళ్లలో ఒక్కడు నోరు విప్పినా సరిపోయేది కదా." సబా మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని అధ్యాయం మొదటి నుంచి వెతికారు. వాళ్ల పేర్లు అందులో లేవు.