కొత్త తొట్టిలో గప్పీలు: జబ్బు ముందా, వేధింపు ముందా?

కొత్తగా ఆక్వేరియం పెట్టిన ఇళ్లలో రెండో వారంలోనో మూడో వారంలోనో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. ఒక గప్పీ మిగిలినవాటికి దూరంగా ఫిల్టరు వెనక చేరి, రెక్కలు ముడుచుకుని, నీటి పైభాగంలో కదలకుండా ఉండిపోతుంది. మేత వేసినా రాదు. వచ్చినా ఇంకో చేప దానిని తరిమేస్తుంది. దానికి జబ్బు చేసిందా, లేక తోటి చేపలే దానిని బతకనివ్వడం లేదా అన్నది అప్పుడు తేల్చుకోవలసిన విషయం. ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వల్లే చిక్కు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చేపను రోజంతా తరిమితే అది తిండి మానేసి, నీరసించి, చివరికి జబ్బుపడుతుంది. జబ్బుపడి సరిగా ఈదలేని చేప కనబడితే మిగిలినవి దాని తోకను కొరకడం మొదలుపెడతాయి. అందువల్ల ఎవరు అడిగినా నేను మందు పేరు చెప్పను. ముందు నీటిని పరీక్షించమని, ఆ తర్వాత కొంతసేపు కుర్చీ వేసుకుని తొట్టిని చూడమని చెబుతాను.

చేపల మొప్పల నుంచి, విసర్జన నుంచి, అడుగున మిగిలి కుళ్లిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. దానిని నైట్రైటుగా, నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలోను, అడుగున పరిచిన గులకరాళ్ల మీద స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోగా నీరు ఎంత తేటగా కనిపించినా అందులో విషం ఉండవచ్చు. భీమవరం, కైకలూరు వైపు చెరువులు చేసే రైతులకు ఈ మాట కొత్తగా చెప్పనక్కరలేదు, అమ్మోనియా, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) చూసుకోనిదే వారికి పంట గడవదు. ఇంట్లో తొట్టి పెట్టే మనమే ఆ చిన్న పరీక్ష కిట్టు కొనడానికి వెనకాడి, అదే డబ్బుతో మరో రెండు చేపలు కొంటాము. చేపలన్నీ పైకి వచ్చి గుటకలు మింగుతుంటే, మొప్పలు ఎర్రబడినా గోధుమ రంగుకు తిరిగినా, అనుమానించవలసింది నీటినే. ఒక్క చేప మాత్రమే నలతగా ఉండి మిగిలినవి చురుకుగా తిరుగుతుంటే వేధింపు గురించో, ఆ ఒక్కదానికి సోకిన జబ్బు గురించో ఆలోచించాలి.

అమ్మోనియా గాని నైట్రైటు గాని 0.25 పీపీఎం (లీటరుకు పావు మిల్లీగ్రాము) దాటినట్లు కిట్టు చూపితే, అది సున్నాకు వచ్చేదాకా రోజూ పావు వంతు నుంచి సగం దాకా నీరు మార్చడం, ఒకటి రెండు రోజులు మేత ఆపడం తప్ప దగ్గరి దారి లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గప్పీకి రెండు రోజుల పస్తు వల్ల ఏ నష్టమూ ఉండదు. పంపు నీరు పట్టేటప్పుడు క్లోరిన్ పోవడానికి థయోసల్ఫేటు స్ఫటికాలో ఆంటీ క్లోరిన్ చుక్కలో కలపాలి. స్పాంజిని మాత్రం పంపు కింద పెట్టి తెల్లగా ఉతకకూడదు. తొట్టిలోంచి తీసిన పాత నీటిలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టాలి, లేకపోతే అప్పుడప్పుడే కుదురుకుంటున్న బ్యాక్టీరియా కాస్తా కొట్టుకుపోతుంది.

శుభ్రంగా ఉంటుందని కొందరు తాగే ఆర్వో నీటినే తొట్టిలో నింపుతారు. గప్పీలు ఖనిజ లవణాలు ఉన్న గట్టి నీటికి అలవాటుపడిన చేపలు. లవణాలన్నీ తీసేసిన నీటిలో అవి రెక్కలు ముడుచుకుని, ఉన్నచోటనే ఒళ్లు ఊపుతూ ఉండిపోతాయి. హైదరాబాదులో మనం తిట్టుకునే బోరు నీటి గట్టితనం నిజానికి వీటికి సరిపోతుంది. అయితే అటువంటి నీటిలో పీహెచ్ ఎక్కువగా ఉంటే అమ్మోనియా విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన రూపం వాటా దాదాపు పది రెట్లవుతుంది.

నీరు బాగున్నట్లు తేలాక చూడవలసింది చేపల లెక్క. మన దుకాణాలలో గప్పీలను జత చొప్పున అమ్మడం ఆనవాయితీ. ఈ ఆనవాయితీయే చాలా ఇళ్లలో గొడవకు మూలమని నా అభిప్రాయం. మగ గప్పీకి మేలుకుని ఉన్నంతసేపూ ఆడచేప వెంట పడడమే పని. ఒక్క ఆడచేపే ఉంటే ఆ వెంటబడడం అంతా దాని మీదే పడుతుంది, అది గర్భంతో ఉన్నా సరే వదలదు. ఒక మగచేపకు కనీసం రెండు మూడు ఆడచేపలు ఉంటే ఆ బాధ పంచుకోబడుతుంది. సంతానమే వద్దనుకుంటే మగచేపలను మాత్రమే పెంచవచ్చు. అప్పుడు రెండు మూడు కాకుండా ఆరేడు ఉండాలి, లేదంటే బలమైనది ఒకటి బలహీనమైన దానినే పట్టుకుని వేధిస్తుంది.

మగచేప ఒళ్లు విల్లులా వంచి, తోక విప్పి, ఆడచేప ముందు వణుకుతూ నిలబడితే అది సరసం, దానికి కంగారుపడనక్కరలేదు. వెనక నుంచి వచ్చి తోకను కొరకడం, మేత దగ్గరికి రానివ్వకపోవడం, ఒకే చేపను తొట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి తరమడం కనిపిస్తే అది వేధింపు. ఇటువంటప్పుడు చాలామంది దెబ్బతిన్న చేపను తీసి ఇరుకైన వల పెట్టెలో పెడతారు. గాయం లేనంత వరకు, తీయవలసింది వేధించే చేపను అంటాను నేను. దానిని కొన్ని రోజులు వేరుగా ఉంచి, ఆలోగా తొట్టిలోని రాళ్లు, మొక్కలు స్థానం మార్చి అమర్చితే, తిరిగి వచ్చేసరికి తనదనుకున్న చోటు దానికి గుర్తుపట్టరాకుండా పోతుంది. నీటి మీద తేలే మొక్కలు దట్టంగా ఉంటే ఆడచేపలు దాక్కునే వీలు కలుగుతుంది. చెరువులో దొరికే హైడ్రిల్లా ఇందుకు బాగా పనికివస్తుంది గాని, దానితోపాటు తూనీగ పిల్లపురుగులు వస్తే అవి గప్పీ పిల్లలను తినేస్తాయి కనుక బాగా కడిగి, కొన్నాళ్లు వేరే బకెట్‌లో ఉంచి చూడాలి. ఫైటరు, టైగర్ బార్బ్, ఏంజెల్ చేపలను గప్పీలతో కలపవద్దు.

రెక్క చిరిగిందో లేక జబ్బు చేసిందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కొరికిన తోకలో ముక్క తెగిపోయినట్లు ఉంటుంది, మిగిలిన భాగం రంగు మారదు; శుభ్రమైన నీటిలో అది దానంతట అదే పెరుగుతుంది. అంచులు తెల్లబడి లేదా ఎర్రబడి, రోజురోజుకూ కరిగిపోతుంటే అది రెక్కల కుళ్లు. తెలుపు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఒంటి మీద ఉప్పు పలుకులు చల్లినట్లు విడివిడి చుక్కలు ఉంటే అది ఇక్ అనే పరాన్నజీవి. నీటి వేడిని మెల్లగా 30 డిగ్రీలకు పెంచితే దాని జీవితచక్రం త్వరగా ముగుస్తుంది. మందు పనిచేసేది అది చేపను వదిలి నీటిలో ఈదే దశలోనే కనుక, చుక్కలు మాయమైన తర్వాత కూడా వారంపాటు చికిత్స ఆపకూడదు. నోటి చుట్టూ, వీపు మీద బూడిద కలిసిన తెల్లని పొర లేదా దూది వంటిది కనిపిస్తే కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బును అనుమానించాలి. వేడి పెరిగితే అది విజృంభిస్తుంది, కాబట్టి ఒకదానికి మేలు చేసే హీటరు ఇంకొకదానికి చావు తెస్తుంది. గుదం దగ్గర ఎర్రని దారాలు వేలాడుతుంటే అవి కమల్లానస్ పురుగులు. వాటికి లెవమిసోల్ వంటి పురుగుల మందు కావాలి, ఉప్పు గాని దుకాణంలో ఇచ్చే నీలి ద్రవం గాని పనిచేయవు.

ఏ జబ్బుకైనా దుకాణంలో చేతికిచ్చే ఆ నీలి ద్రవం మిథిలీన్ బ్లూ. దానిని నేరుగా పెద్ద తొట్టిలో పోస్తే అద్దాల మధ్య సిలికాన్ నీలమవుతుంది, ఫిల్టరులోని బ్యాక్టీరియా దెబ్బతింటుంది, అమ్మోనియా మళ్లీ పెరుగుతుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. పదిహేను లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, ఒక గాలి పంపు, పెద్ద తొట్టిలో కొన్నాళ్లు ముందే నానబెట్టి ఉంచిన ఒక చిన్న స్పాంజి ఫిల్టరు ఉంటే జబ్బు చేసిన చేపకు ఆసుపత్రి సిద్ధమైనట్లే. మూత తప్పదు, గప్పీలు బయటికి దూకుతాయి.

ఇంట్లో ఉండే దొడ్డుప్పు చాలా మందులకంటే నమ్మదగినది. లీటరుకు ఒక గ్రాముతో మొదలుపెట్టి, అవసరమైతే రెండు రోజులలో మెల్లగా మూడు గ్రాముల దాకా పెంచవచ్చు. గప్పీలు అంత ఉప్పును సులభంగా తట్టుకుంటాయి. ఉప్పులోని క్లోరైడు మొప్పల గుండా నైట్రైటు రక్తంలోకి పోకుండా అడ్డుపడుతుంది కనుక కొత్త తొట్టిలో దానివల్ల రెండు విధాల ప్రయోజనం. నీరు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు. అందువల్ల తగ్గిన మట్టానికి మంచినీరే పోయాలి. తీసివేసిన నీటికి సరిపడా ఉప్పు మాత్రమే మళ్లీ కలపాలి.

కోలుకున్న చేపను సాయంత్రం దీపం ఆర్పిన తర్వాత తొట్టిలో వదిలితే మిగిలినవి అంతగా పట్టించుకోవు. ఎన్నిసార్లు వేరుచేసినా తీరు మారని మగచేపను దుకాణంలో తిరిగి ఇవ్వడమో, పెంచేవారెవరికైనా ఇవ్వడమో మంచిది. దోమ పిల్లపురుగులను తింటుందన్న పేరుతో దానిని చెరువులో వదలకూడదు. గప్పీ దక్షిణ అమెరికా ఉత్తర ప్రాంతాల నుంచి, ట్రినిడాడ్ వంటి ద్వీపాల నుంచి వచ్చిన చేప, మన చెరువులది కాదు. దోమల నివారణకు ఎక్కడ, ఏ నీటిలో వదలాలో నిర్ణయించవలసింది ఆ పని చూసే శాఖలే. మన టబ్బులో కోలుకున్న చేపతోపాటు మన టబ్బులోని పురుగు కూడా ఆ చెరువుకు పోతుంది.